బొమ్మా? బేరమా?

డిజైనర్ బొమ్మలు కళను మ్యూజియం గోడలు దాటించి సామాన్యుని అరచేతిలో పెట్టాయని కొందరు కళావిమర్శకులు వాదిస్తున్నారు. ఈ వాదంలో నిజం బొత్తిగా లేకపోలేదు. 1999లో హాంగ్‌కాంగ్ చిత్రకారుడు మైకేల్ లౌ తన ‘గార్డెనర్’ బొమ్మల్లో వీధి కుర్రకారు వేషానికి రూపమిచ్చాడు. అదే ఏడు అమెరికన్ చిత్రకారుడు కాస్ జపానులో ‘కంపానియన్’ బొమ్మ చేయించాడు. ఆ ప్రయత్నాల్లో గేలరీల పెద్దరికంపట్ల కొంత ధిక్కారం వున్నమాట వాస్తవమే. కాని ఆ ధిక్కారం చివరకు ఎవరికి దాసోహమన్నది? 2019లో అదే కాస్ గీసిన పటమొకటి హాంగ్‌కాంగ్ వేలంలో సుమారు 11.6 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లు పలికింది. కూల్చామన్న గోడకే పటం తగిలించారన్నమాట!

ఇక లబూబు సంగతి చూద్దాం. ఉత్తర యూరపు జానపద గాథల స్ఫూర్తితో కాసింగ్ లుంగ్ 2015లో రచించిన బొమ్మల కథల్లో పుట్టిన పళ్ళికిలించే పిల్లభూతం అది. 2019లో పాప్ మార్ట్ కంపెనీ చేతికి వచ్చింది. 2024లో ఆ కంపెనీ రాబడి 1,304 కోట్ల యువాన్లు. ఈ వ్యాపారానికి ఆయువుపట్టు మూసిన డబ్బా. లోపల ఏ బొమ్మ వున్నదో కొనేవానికి తెలియదు; అందరూ ఆశించే ‘రహస్య’ బొమ్మ కొన్ని వరుసల్లో 72 డబ్బాలకొకటి. దీన్ని లాటరీ అనక మరేమనాలి? ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఇలాంటి డబ్బాలు అమ్మరాదని 2023లో చైనా అధికారులే నిబంధన పెట్టవలసివచ్చింది. పిల్లలకు అమ్మకూడని ఆటబొమ్మ!

అందం కోసమే కొంటున్నామనే రసికులకు 2025 జూన్ నెల జవాబు చెప్పింది. ఆ నెలలోనే బీజింగు వేలంలో నిలువెత్తు లబూబు ఒకటి 10.8 లక్షల యువాన్లకు పోయింది. ఆ నెలలోనే కంపెనీ సరుకును పెద్దఎత్తున విడుదల చేయగానే మామూలు లబూబుల మారుబేరం ధరలు పడిపోయాయి. బొమ్మ మారలేదు, దాని నవ్వూ మారలేదు. అమ్ముడుపోయింది అందమైతే ధర ఎందుకు పడింది? మనుషుల శ్రమసంబంధాలు వస్తువుల సహజగుణాలుగా భ్రమింపజేస్తాయని 1867లో ‘కాపిటల్’లో మార్క్స్ వివరించిన మాయ ఇదే. డబ్బాపై చిత్రకారుని పేరుంటుంది. అచ్చుపోసి రంగువేసిన కార్మికుని పేరెక్కడ?

అయితే ఈ బొమ్మలు కొనే యువజనులను వెక్కిరించటం అభ్యుదయ విమర్శ కాదు. అద్దెగదిలో, అభద్రమైన ఉద్యోగంలో బతికేవాడు తనదంటూ వొక చిన్నవస్తువును ప్రేమించటం నేరమా? ఆ మమకారం నిజమైనది. అందుకే అది మదుపుగా పనికివస్తున్నది. ఆ మమకారాన్ని కొరతగా, జూదంగా మార్చి లాభం పిండుకునే పద్ధతిపైనే మన విమర్శ.

కనుక ఉపాధ్యాయులూ, విద్యార్థులూ ఈ బొమ్మలను చిన్నవిషయమని తోసివేయరాదు. తరగతిలోకి తీసుకురండి. చేసిందెవరు, దాచిందెవరు, లాభపడిందెవరు అని అడగండి. ఆటను జూదం నుంచి విడిపించటం కూడా సాంస్కృతికోద్యమం పనుల్లో వొకటి.