హంపి సెయింట్ లూయిస్‌లో గెలిచినప్పుడు మనం ఎక్కడున్నాం?

2020 ఫిబ్రవరి 16, ఆదివారం. సెయింట్ లూయిస్ చెస్ క్లబ్బులో కెయిర్న్స్ కప్ చివరి రౌండు. ఒకే బల్లకు అటూ ఇటూ ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకరు గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, రెండోవారు గుంటూరులో పుట్టిన ద్రోణవల్లి హారిక. ఆ ఆట డ్రా అయింది. 9 ఆటల్లో 6 పాయింట్లతో హంపి కప్పు గెలిచింది. అంతకు కొద్దివారాల ముందే ప్రపంచ కిరీటం నిలబెట్టుకుని వచ్చిన చైనా క్రీడాకారిణి జు వెన్‌జున్ అర పాయింటు వెనకబడి రెండో స్థానంతో సరిపెట్టుకుంది.

అమెరికా గడ్డ మీద, మనం కారులో వెళ్ళి చూడగలిగినంత దూరంలో జరిగిన సంగతి ఇది. మిత్రులారా, ఆ రోజు మనలో ఎంతమందికి తెలుసు? ఈ వ్యాసం రాస్తున్నవాడికీ తెలియదు. మర్నాడు ఇండియా నుంచి వచ్చిన ఒక ఫార్వర్డు మెసేజిలో చూసి, "అబ్బో" అనుకుని, పదిమందికి పంపి ఊరుకున్నాను.

మన పద్ధతే అంత. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయితే, ఆ అబ్బాయి తెలుగువాడా తమిళుడా అని ముఖ్యమంత్రుల అభినందనల దగ్గర మొదలుపెట్టి వాట్సాప్ గ్రూపుల దాకా పోట్లాడుకున్నాం. సరిగ్గా 16 రోజులకు న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లో హంపి రెండోసారి ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచింది. ఎవరిదీ అని తగువు పడే పని లేదు కాబట్టి కాబోలు, ఆ సందడి పెద్దగా వినపడలేదు.

ఈ సంచికలో మేము లేవనెత్తుతున్న విషయం సన్మానాల గురించి కాదు. శాలువాలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. ప్రపంచంలో మొదటి వరసలో ఉన్న మహిళలు ఆడే అంతర్జాతీయ చదరంగం పోటీని అమెరికాలోని తెలుగువారు ఒకటి నిర్వహించగలరా, నిర్వహిస్తే ఎలా నిర్వహించాలి అన్నదే ప్రశ్న.

ముందు సెయింట్ లూయిస్ సంగతి చూద్దాం. రెక్స్ సింక్‌ఫీల్డ్, జీన్ సింక్‌ఫీల్డ్ దంపతుల చొరవతో 2008లో అక్కడ క్లబ్బు తెరిచారు. మిస్సోరీ రాజకీయాలలో రెక్స్ గారు గుమ్మరించిన డబ్బు గురించి ఎవరి అభిప్రాయాలు వారికి ఉండవచ్చు, మాకూ ఉన్నాయి. కానీ మధ్య అమెరికాలోని ఒక మామూలు నగరం పదేళ్ళు తిరక్కుండా ఈ దేశపు చదరంగ రాజధాని అయిందంటే, ఇంట్లో కూర్చుని చప్పట్లు కొట్టడం వల్ల కాలేదు. 2019లో వారు మహిళల కోసం ప్రత్యేకంగా ఒక పోటీ మొదలుపెట్టి, దానికి జీన్ గారి పుట్టింటి పేరు పెట్టారు. అదే కెయిర్న్స్ కప్. హంపి గెలిచిన ఏడు మొత్తం బహుమతి 1,80,000 డాలర్లు, అందులో మొదటి బహుమతి 45,000.

పది మందిని పిలవాలి, ప్రతి ఒక్కరూ మిగతా తొమ్మిది మందితో ఒక్కోసారి ఆడాలి. రోజుకో ఆట, మధ్యలో ఒకటి రెండు విశ్రాంతి రోజులు. వచ్చిన రోజు, వెళ్ళే రోజు కలుపుకుంటే దాదాపు రెండు వారాలు. పది గదులు పదమూడు రాత్రులంటే 130 గది-రాత్రులు. కోచ్‌కో, భర్తకో, తల్లికో ఇంకో గది కలిపితే 260. విమాన టికెట్లు, భోజనాలు, ఆర్బిటర్లు, ఎత్తు వేయగానే ఇంటర్నెట్‌లో కనపడేలా చేసే సెన్సార్ బోర్డులు, మోసం జరగకుండా తనిఖీలు. ఇంతే. మూడు రోజుల మహాసభలకు హీరోలను, సంగీత దర్శకులను, వారి వెంట పరివారాన్ని రప్పించి వేలమందికి భోజనాలు పెట్టగలిగిన మన సంఘాలకు ఇది తలకు మించిన భారం కాదు. లెక్క కట్టేవారు కట్టి చూసుకోవచ్చు.

అయితే డబ్బు ఉంటే అన్నీ అయిపోతాయనుకుంటే పొరపాటు. 2017 డిసెంబర్‌లో సౌదీ అరేబియా రియాద్‌లో ప్రపంచ రాపిడ్, బ్లిట్జ్ పోటీలు పెట్టింది. డబ్బుకు కొదవ లేదు. రెండు టైటిళ్ళూ చేతిలో ఉన్న ఉక్రెయిన్ క్రీడాకారిణి అన్నా ముజిచుక్ మాత్రం వెళ్ళలేదు. వేరొకరి నిబంధనల ప్రకారం ఆడనని, బయటికి వెళ్ళడానికి తోడు అవసరమయ్యే చోటికి రానని బహిరంగంగా చెప్పి, టైటిళ్ళు రెండూ వదులుకుంది. ఇజ్రాయెల్ క్రీడాకారులకు అక్కడ వీసాలే ఇవ్వలేదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ టెహ్రాన్‌లో జరిగింది. హిజాబ్ తప్పనిసరి. అప్పటి అమెరికా చాంపియన్ నాజీ పైకిడ్జే బహిష్కరించింది. మన హారిక వెళ్ళింది, సెమీ ఫైనల్ దాకా ఆడి కాంస్యం తెచ్చుకుంది. ఆమె ఎందుకు వెళ్ళిందని అడిగేవారు ఉన్నారు. మేము అడగం. ఎన్నేళ్ళ కష్టంతోనో అర్హత సంపాదించుకున్న మనిషిని "బతుకుతెరువా, ఆత్మగౌరవమా, తేల్చుకో" అని నిలదీయడం న్యాయం కాదు. ఆ ప్రశ్న వేదికను ఒప్పుకున్న పెద్దలను అడగాలి. ఇరాన్‌కే చెందిన దోర్సా దెరఖ్‌షానీ, జిబ్రాల్టర్‌లో తలపై గుడ్డ లేకుండా ఆడినందుకు 2017లోనే సొంత దేశపు సమాఖ్య వేటుకు గురైంది. ఆ తరువాత ఆమె వచ్చి చదువుకున్నది ఎక్కడనుకున్నారు? సెయింట్ లూయిస్‌లోనే. ఇప్పుడు ఆడేది అమెరికా తరఫున.

ఇదంతా చదివి, మనం స్వేచ్ఛాయుత దేశంలో ఉన్నాం, మన దగ్గర ఆ బాధలు లేవని జబ్బలు చరుచుకోనక్కరలేదు. గుడ్డ కప్పుకోమని మనం చెప్పం, నిజమే. కాని వీసా ఇవ్వం! 2024 ఏప్రిల్‌లో టొరంటోలో కాండిడేట్స్ పోటీలు జరిగాయి. నెల రోజుల ముందు కూడా పలువురు క్రీడాకారులకు వీసాలు రాకపోవడంతో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే కెనడా ప్రభుత్వానికి బహిరంగంగా మొరపెట్టుకోవలసి వచ్చింది. 2025 జూన్‌లో అమెరికా ప్రకటించిన ప్రయాణ నిషేధంలో ఇరాన్ పేరుంది. మొదటి వరస క్రీడాకారిణులలో చైనా వారు ఎక్కువ, రష్యా నుంచి, పూర్వపు సోవియట్ దేశాల నుంచి వచ్చినవారు ఎక్కువ. ఈ పేర్లు పట్టుకుని కాన్సులేట్ కిటికీ దగ్గర నిలబడితే ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా? వీసా విషయంలో మనంత పండిపోయిన జాతి ఇంకొకటి లేదు.

ఇక్కడే ఒక మెలిక. బహుమతి డబ్బు కోసమే ఆడేవారు బి-1 వీసా మీద రావచ్చు. కానీ "మీరు వస్తే చాలు, ఇంత ఇస్తాం" అని రాక రుసుము ఒప్పుకున్నామా, అది సరిపోదు, పి-1 దారి పట్టాలి. గెలిచిన డబ్బు మీద విదేశీయులకు, ఒప్పందాల మినహాయింపు లేకపోతే, 30 శాతం పన్ను ముందే మినహాయించాలి. పోస్టరు మీద వేసిన అంకె ఒకటి, చేతిలో పడేది ఒకటి అయితే ఆ క్రీడాకారిణి మరుసటి ఏడు రాదు, వద్దామనుకున్నవారిని కూడా రావద్దంటుంది. ఈ ఆటలో అందరూ అందరికీ తెలుసు. 2023 మార్చిలో ఢిల్లీ గ్రాండ్ ప్రీలో ఏర్పాట్లు నచ్చక కజకిస్తాన్‌కు చెందిన జన్సాయా అబ్దుమాలిక్ పోటీ నుంచి తప్పుకుంటే, ఆ వార్త ఆటల కంటే ముందు ప్రపంచమంతా తిరిగింది.

బహుమతి ఎంత ఉండాలి? టొరంటోలో ఒకే హాలులో, ఒకే రోజులలో రెండు పోటీలు జరిగాయి. ఓపెన్ విభాగానికి 5,00,000 యూరోలు, మహిళలకు అందులో సగం. 2025లో ఓపెన్ ప్రపంచ కప్పు గెలిచినవారికి 1,20,000 డాలర్లు, మహిళల ప్రపంచ కప్పు గెలిచిన దివ్య దేశ్‌ముఖ్‌కు 50,000. ఆ ఫైనల్లో ఓడింది మన హంపే. ఈ తేడాకు మార్కెట్టును కారణంగా చెబుతారు. మరి 2024లో నార్వే చెస్ వారు మహిళల పోటీ మొదలుపెట్టి, ఓపెన్‌తో సమానంగా బహుమతి పెట్టారు. ఆ పోటీకి పిలిచిన ఆరుగురిలో హంపి ఉంది, అరవై దాటిన స్వీడన్ దిగ్గజం పియా క్రామ్లింగ్ ఉంది. నార్వేకు వేరే మార్కెట్టు లేదు. నిర్ణయం ఉంది.

అసలు ఆడవాళ్ళకు వేరే పోటీలెందుకు అనే వాదన కూడా ఉంది. దాన్ని తేలికగా తీసెయ్యలేం. జూడిత్ పోల్గార్ మగవారితోనే ఆడి 2005లో ప్రపంచ ఎనిమిదో స్థానానికి చేరింది, మహిళల కిరీటం కోసం ఎన్నడూ పోటీ పడలేదు. ఆమె దారి గొప్పది. ఆమెకు ఇంట్లోనే ఒక పాఠశాల ఉంది, తండ్రి జీవితాన్నే ఒక ప్రయోగంగా మలిచాడు. మిగతావారి సంగతి వేరు. ప్రపంచం మొత్తం మీద గ్రాండ్‌మాస్టర్ టైటిల్ ఉన్న మహిళలు నలభై పైచిలుకు మాత్రమే. భారతదేశం నుంచి నలుగురు: 2002లో హంపి, 2011లో హారిక, 2023లో వైశాలి, 2025లో దివ్య. మొదటివారికీ మూడోవారికీ మధ్య ఇరవై ఒక్క ఏళ్ళు! ఆ మధ్యలో ఎంతమంది పిల్లలు పద్దెనిమిదో ఏట బోర్డు అటక మీద పెట్టేశారో మనకు తెలిసిన ఇళ్ళలోనే లెక్కపెట్టుకోవచ్చు.

ఈ మాట ఊహించి రాయడం లేదు. కొన్నేళ్ళ కిందట ఒక తెలుగు సంఘం వేడుకలలో పిల్లల చెస్ పోటీ చూశాను. పేరు అనవసరం. భోజనాల వరసకు పక్కన కారిడార్‌లో మడత బల్లలు వేసి, ప్లాస్టిక్ బోర్డులు పరిచారు. చిన్నపిల్లల విభాగంలో ఆడపిల్లలు, మగపిల్లలు దాదాపు సగం సగం ఉన్నారు. పెద్దపిల్లల విభాగానికి వచ్చేసరికి ఇద్దరే అమ్మాయిలు మిగిలారు. అందులో ఒకమ్మాయిని "ఇంకా ఆడుతున్నావా?" అని పక్కనున్న పెద్దాయన మెచ్చుకోలుగానే అడిగాడు. ఆ "ఇంకా" అన్న మాటకు ఆ పిల్ల ముఖంలో కనపడిన మార్పు నాకు గుర్తుండిపోయింది.

అందుకే మా ప్రతిపాదనలో ఒక భాగం మీద పట్టు విడవదలచుకోలేదు. పది కుర్చీలలో ఎనిమిది ప్రపంచ మొదటి వరసకు. మిగతా రెండింటిలో ఒకటి ఆంధ్ర, తెలంగాణల నుంచి ఎదుగుతున్న అమ్మాయికి, ఒకటి అమెరికాలో పెరుగుతున్న అమ్మాయికి. తెలుగు పిల్లే కానవసరం లేదు, రేటింగు చూసి ఇవ్వాలి. దాతల మేనకోడళ్ళకు కాదు. ఎదురుగా కూర్చునేవారి సగటు రేటింగ్ 2480 ఉంటే, 9 ఆటల్లో నాలుగున్నర పాయింట్లు తెచ్చుకున్న అమ్మాయికి ఇంటర్నేషనల్ మాస్టర్ నార్మ్ దొరుకుతుంది. ఆరు తెచ్చుకుంటే గ్రాండ్‌మాస్టర్ నార్మ్. ఇలాంటి అవకాశం కోసమే మన పిల్లలు అప్పులు చేసి యూరప్ అంతా తిరుగుతున్నారు.

ఇంకొకటి. 2022 చెన్నై ఒలింపియాడ్‌లో హారిక తొమ్మిదో నెల గర్భంతో ఆడింది. జట్టు కాంస్యం గెలిచింది. హంపి 2017లో తల్లి అయ్యాక, కొంత విరామం తీసుకుని తిరిగివచ్చి 2019లో ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచింది. కాబట్టి మనం పంపే ఆహ్వానంలో కోచ్ గదితో పాటు, పసిబిడ్డ, బిడ్డను చూసుకునే అమ్మమ్మో నాయనమ్మో ఉండడానికి ఏర్పాటు, ఆ అమ్మమ్మ వీసాకు ఉత్తరం కూడా ఉండాలి. అడిగితే ఇస్తామనడం కాదు, అడగకముందే రాసి ఉండాలి. తల్లిదండ్రులను రప్పించుకోవడానికి మనం తయారుచేసిన కాగితాల అనుభవం ఒక్కసారైనా ఇంకొకరికి పనికొస్తుంది.

2002లో హైదరాబాద్ ఫిడే ప్రపంచ కప్పుకు ఆతిథ్యం ఇచ్చింది. ఆనంద్ గెలిచాడు, మహిళలలో బల్గేరియాకు చెందిన స్టెఫనోవా గెలిచింది. అప్పుడు ప్రభుత్వం చేసింది. ఇప్పుడు ప్రభుత్వం కోసం చూడవలసిన పని లేదు.

పోటీ ఎప్పుడు పెట్టాలన్నా ముందు ఫిడే క్యాలెండర్ చూసుకోవాలి, గ్రాండ్ ప్రీతోనో ప్రపంచ కప్పుతోనో ఢీకొంటే మొదటి వరస ఎవరూ రారు. హాలు ఇవ్వగలవారు, ఇమిగ్రేషన్ లాయర్లు, పన్నుల పని తెలిసినవారు, తెలుగులో వ్యాఖ్యానం చెప్పగల చెస్ ఆటగాళ్ళు మాకు రాయండి. చందా సంగతి తరువాత. వచ్చే వేసవిలో ఆట జరగాలంటే ఆహ్వానాలు, వాటితో పాటు వీసా ఉత్తరాలు, దసరా నాటికే పోస్టులో పడాలి.