వెలుతురు లెక్క, సర్టిఫికెట్ లెక్క

శ్రీముఖలింగం వెళ్ళిన వారందరికీ ఇది అనుభవమే. మిట్టమధ్యాహ్నం మధుకేశ్వరుని ఆలయ ప్రాంగణంలో ఎండకు కళ్ళు తెరవలేం. లోపలికి అడుగుపెట్టేసరికి ఏమీ కనబడదు. కాసేపు నిలబడితే గాని దీపం వెలుగులో స్వామి దర్శనమివ్వడు. అదే జిల్లాలోని అరసవల్లిలో ఏటా రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, ఉదయసూర్యుని కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ శిల్పులకు కంప్యూటర్లు లేవు. ఎక్కడ ఎంత వెలుతురు కావాలో మాత్రం తెలుసు.

మనకు కంప్యూటర్లున్నాయి. ఏం కావాలో తెలుసా?

2003లో హైదరాబాదులోని సి.ఐ.ఐ. గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ లీడ్ ప్లాటినం గుర్తింపు పొందింది. నేడు హరిత భవనమన్న మాట ప్రతి ఇంజనీరింగు విద్యార్థి నోటా ఉంది. దానితోపాటే ఒక ప్రశ్నా ఉంది: “పగటి వెలుతురు లెక్కకు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది సార్?” ఈ ప్రశ్న తలకిందులుగా ఉందని నా అభిప్రాయం.

ఒకప్పుడు అందరూ ఎకోటెక్ట్ నేర్చుకున్నారు. 2008లో దాన్ని ఆటోడెస్క్ కొన్నది; 2015లో అమ్మకం ఆపేసింది. బటన్లు మాత్రమే నేర్చుకున్నవాడు మళ్ళీ మొదటికొచ్చాడు. వెలుతురు సంగతి నేర్చుకున్నవాడికి ఏ నష్టమూ లేదు.

కాబట్టి ముందు తేల్చుకోవలసింది కొలమానం. డేలైట్ ఫాక్టర్ అనే పాత కొలత మబ్బు కమ్మిన ఆకాశాన్ని ఊహించుకుని పుట్టింది. దానికి తూర్పూ పడమరా తేడా తెలియదు. ఇంగ్లండుకు సరిపోవచ్చు; మనకు బాధ వెలుతురు తక్కువై కాదు, ఎక్కువై! శ్రీముఖలింగం అక్షాంశం దాదాపు 18.6 డిగ్రీలు. మే నడిమి నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్న సూర్యుడు ఉత్తరానికే ఉంటాడు. ఉత్తరపు కిటికీలో ఎండ పడదనుకోవడం ఇక్కడ చెల్లదు. మన ఇ.సి.బి.సి. 2017 నియమావళి 100 నుంచి 2000 లక్స్‌ల మధ్య వెలుతురునే ఉపయోగకరమంటుంది. అంటే పై హద్దు కూడా ఉందన్నమాట. లీడ్ నాలుగో కూర్పులో ఒక మార్గం, పనివేళల్లో కనీసం సగం కాలం 300 లక్స్ ఉండాలంటుంది. ఇలా ఏడాది పొడుగునా గంటగంటకూ లెక్కకట్టలేని సాధనం, బొమ్మ ఎంత రంగురంగులుగా వేసినా, ఈ పనికి రాదు.

ఇక ఖర్చు మాట. దొంగ కాపీతో హరిత భవనం గీయడం నాకు సిగ్గుగా తోస్తుంది. ఆ అవసరమూ లేదు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పుట్టిన రేడియన్స్ 2002 నుంచి అందరికీ ఉచితం. డిజైన్‌బిల్డర్ వంటి ఖరీదైన ప్యాకేజీలు లోపల వాడుకునేదీ దాన్నే. నేర్చుకోవడం కష్టమే, కాదనను. కాని మూత తీసి లోపల ఏముందో చూడవచ్చు. విద్యార్థికి అంతకంటే ఏం కావాలి?

అసలు మోసం సాఫ్ట్‌వేర్‌లో కాదు, మనమిచ్చే అంకెల్లో జరుగుతుంది. చెమ్మతో నల్లబడే గోడకు కొత్త సున్నం తెలుపు రాస్తాం. కిటికీ ముందున్న వేపచెట్టును మర్చిపోతాం. వాతావరణ ఫైలు ఏ ఊరిదో చూడం. లెక్క పాసవుతుంది. తర్వాత గదిలో ఎండ కొట్టి పరదాలు దించుతారు, పట్టపగలు ట్యూబులైట్లు వేస్తారు. సర్టిఫికెట్ మాత్రం గోడమీద మెరుస్తూ ఉంటుంది!

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మన జిల్లాలో ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి కరెంటు లేక గడిపాయి. అప్పుడు పగలు చదువుకోను దిక్కయింది కిటికీయే. పెంకుటిళ్ళలో పెంకుల నడుమ పెట్టిన గాజు పెంకే.

మిత్రులకు నా మనవి ఒక్కటే. సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు ఒక లక్స్ మీటరు పట్టుకుని మీ తరగతి గదినే కొలవండి. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడుకి. ఆ గదినే కంప్యూటర్లో కట్టి, అదే రోజు ఆకాశాన్ని ఇచ్చి రెండు లెక్కలూ పోల్చండి. ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకొచ్చిందో చెప్పగలిగిన రోజున ఏ సాఫ్ట్‌వేర్ అయినా మీ చేతిలో పనిముట్టే. చెప్పలేకపోతే మీరే దాని చేతిలో పనిముట్టు.