ఖర్కాయ్ గట్టున ఎవరికి వారే

“ఎవరికి వారే యమునా తీరే” అన్న సామెత ఢిల్లీలో కాపురముండే తెలుగువానికి తరచు గుర్తుకు వస్తూనే వుంటుంది. ఈ వారం ఆ సామెతను యమునా తీరం నుండి ఖర్కాయ్ తీరానికి తీసుకుపోవలసివచ్చింది. జార్ఖండ్‌లో ఖర్కాయ్ నదికి ఒక గట్టున జంషెడ్‌పూర్, రెండవ గట్టున ఆదిత్యపూర్ వున్నాయి. ఇటు ఉక్కు కర్మాగారం, మోటారు కర్మాగారం. అటు వాటికి విడిభాగాలు తయారుచేసి ఇచ్చే వెయ్యికి పైగా చిన్న, మధ్యతరగతి పరిశ్రమలు. ఇటు నివాసముండి అటు పనిచేసేవారూ, అటు నివాసముండి ఇటు పనిచేసేవారూ వేలాదిమంది. వారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి తరాల క్రితమే వలసపోయి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం అందుకు నిదర్శనం.

బ్రతుకు దృష్టితో చూస్తే ఇది ఒకే నగరం. పాలన దృష్టితో చూస్తే మాత్రం రెండు జిల్లాలు, అరడజను స్థానిక సంస్థలు. రహదారి అనేది బ్రతుకును అనుసరించి సాగుతుందే కాని, పాలనా సరిహద్దు దగ్గర ఆగిపోదు. చిక్కంతా అక్కడే వున్నది.

ఈ విభజన నిన్న మొన్నటిది కాదు. టాటాల కర్మాగారంలో తొలి ఉక్కు తయారైన 1912 నాటికి ఖర్కాయ్‌కి ఇవతలి నేల బ్రిటిష్ పాలనలోని ధల్‌భూమ్ పరగణా, అవతలి నేల సరాయికేలా సంస్థానం. 1948 జనవరి 1న సరాయికేలా, ఖర్సవాన్ సంస్థానాలను ఒరిస్సాలో కలిపారు. ఆ దినమే ఖర్సవాన్‌లో ఆదివాసుల సభపై కాల్పులు జరిగాయి. అదే సంవత్సరం మే నెలలో వాటిని బీహారుకు మార్చారు. సంస్థానం పోయింది గాని సరిహద్దు మిగిలింది. 1972లో ఆదిత్యపూర్ పారిశ్రామిక ప్రాంతానికి ప్రత్యేక సంస్థను నెలకొల్పినా, 2000లో జార్ఖండ్ రాష్ట్రం అవతరించినా, ఆ నదీరేఖ చెక్కు చెదరలేదు. తూర్పు సింగ్‌భూమ్ 1990లోనూ, సరాయికేలా-ఖర్సవాన్ 2001లోనూ వేర్వేరు జిల్లాలయ్యాయి.

2011 జనగణన ప్రకారం జంషెడ్‌పూర్ నగర సముదాయ జనాభా 13 లక్షలకు పైన. జార్ఖండ్‌లో అంత పెద్ద నగర సముదాయం మరొకటి లేదు. రాజధాని రాంచీ సైతం దాని తరువాతనే. ఆదిత్యపూర్ ఒక్కదానిలోనే 1,74,000 మంది, సువర్ణరేఖకు ఆవలనున్న మాంగోలో 2,23,000 మంది వున్నారు. జంషెడ్‌పూర్, మాంగో, జుగ్సలాయ్ ఒక జిల్లాలోనివి. ఆదిత్యపూర్, కపాలి మరొక జిల్లాలోనివి. లోక్‌సభ నియోజకవర్గాల సంగతి చూస్తే మరీ విచిత్రం. జంషెడ్‌పూర్‌కు దాని పేరుతోనే ఒక స్థానం వున్నది. ఆదిత్యపూర్ సింగ్‌భూమ్ స్థానంలోనిది. మాంగోను ఆనుకొని వున్న కపాలి రాంచీ స్థానంలోనిది. ఒకే నగరం గోడు పార్లమెంటులో ముగ్గురు సభ్యులు మూడు ముక్కలుగా వినిపించవలసిందే.

పలుకుబడి లేక ఇలా జరిగిందనుకోవడానికీ వీలులేదు. 2014 నుండి 2019 వరకు ముఖ్యమంత్రిగా వున్న రఘువర్ దాస్ జంషెడ్‌పూర్ తూర్పు శాసనసభ్యుడు. 2024లో కొన్ని నెలలు ముఖ్యమంత్రిగా వున్న చంపయీ సోరెన్ సరాయికేలా శాసనసభ్యుడు. రెండు గట్లకూ ముఖ్యమంత్రి పదవి దక్కింది. రెండు గట్లకూ కలిపి ఒక ఉమ్మడి వేదిక మాత్రం దక్కలేదు.

లారీ తిరిగే లోకం

ఆదిత్యపూర్ నుండి సరుకుతో బయలుదేరే ఒక లారీని వూహించుకొందాము. అది ముందుగా నడిచేది పారిశ్రామిక ప్రాంత సంస్థ వీధిలో. పక్క వీధి ఆదిత్యపూర్ నగరపాలక సంస్థది. ఆ పైన ఎక్కేది కాండ్రా వైపు పోయే నాలుగు వరుసల రాష్ట్ర రహదారి. దానిని రాష్ట్ర ప్రభుత్వమూ, ఐ.ఎల్. అండ్ ఎఫ్.ఎస్. సంస్థా కలిసి పెట్టిన కంపెనీ నిర్మించింది. నది దాటడానికి పాత వంతెన వున్నది. టాటా స్టీల్ అనుబంధ కంపెనీ కట్టిన టోలు వంతెన కూడా వున్నది. వంతెన దాటితే టాటా స్టీల్ వారి పట్టణ సేవల సంస్థ సంరక్షించే వీధులు. కలకత్తా వైపు పోవాలంటే సువర్ణరేఖ దాటి మాంగో మీదుగా జాతీయ రహదారి చేరుకోవాలి. అది కేంద్ర ప్రభుత్వపు జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ఏలుబడి.

గంటసేపు ప్రయాణంలో ఇందరు ఏలికలు. వీరిలో ఏ ఒక్కరూ పనిచేయడం లేదని నా అభియోగం కాదు. ఎవరి ముక్క వారు బాగుచేసుకొంటూనే వుంటారు. ఒకరి ముక్క మరొకరి ముక్కతో ఎక్కడ, ఏ వెడల్పున, ఏ సంవత్సరంలో కలవాలో నిర్ణయించే బాధ్యత ఎవరిదీ కాదు. నగరంలోనికి భారీ వాహనాలను ఏ వేళల్లో రానివ్వరాదో ఒక జిల్లా నిర్ణయిస్తే, ఆగిపోయిన లారీల వరుస రెండవ జిల్లా నేల మీద నిలుస్తుంది. ఆ వరుసలో చిక్కుకున్న అంబులెన్సు ఏ జిల్లాదన్న ప్రశ్నకు అర్థమే లేదు.

రాంచీ-జంషెడ్‌పూర్ జాతీయ రహదారి కథ మన పాఠకులకు కొంత తెలిసే వుంటుంది. 33వ నెంబరు రహదారిగా పేరుపడిన ఆ మార్గంలో 163 కిలోమీటర్లకు పైగా నాలుగు వరుసలుగా విస్తరించే పనిని 2011లో హైదరాబాదు కేంద్రంగా గల మధుకాన్ సంస్థకు అప్పగించారు. పని ఏళ్ల తరబడి కుంటుపడింది. రాష్ట్ర హైకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టవలసివచ్చింది. 2019లో ఒప్పందం రద్దయింది. అదే సంవత్సరం సి.బి.ఐ. కేసు కూడా నమోదు చేసింది. దోషనిర్ణయం న్యాయస్థానాల పని, పత్రికలది కాదు. మిగిలిన పనిని ముక్కలుగా విభజించి ఇతరులకు అప్పగించారు. ఇక్కడ గమనించవలసిన అంశం వేరే వున్నది. ఆ రోడ్డు మీద ప్రాణాలు అరచేత పట్టుకొని తిరిగిన ప్రజల పక్షాన ఢిల్లీని నిలదీయడానికి చివరకు మిగిలింది ఒక్క హైకోర్టే. ఆ మార్గంలోని పురపాలికలకూ, పంచాయతీలకూ కలిసి కూర్చుని ఒక తీర్మానం చేయగల వేదికే లేకపోయింది.

2023 మార్చిలో కేంద్ర రహదారుల మంత్రి నితిన్ గడ్కరీ జంషెడ్‌పూర్‌లో అనేక జాతీయ రహదారి పనులకు శంకుస్థాపన చేశారు. మాంగో ప్రాంతంలో జాతీయ రహదారిపై సుమారు 10 కిలోమీటర్ల ఎత్తు వంతెన మార్గం వాటిలో ముఖ్యమైనది. దాని అవసరాన్ని నేను కాదనను. అయితే ఆదిత్యపూర్ లారీ ఆ ఎత్తు మార్గం దాకా ఎలా చేరాలి? మాంగో వంతెన మీదుగానా? సోనారి దగ్గర దోబో వంతెన దాటి కాందర్‌బేడా మీదుగానా? లేక కాండ్రా, చౌకాల మీదుగా చుట్టు తిరిగా? ఎత్తు మార్గం లెక్క ఒక దస్త్రంలోనూ, ఈ మూడు దారుల లెక్క మరి మూడు దస్త్రాలలోనూ వుంటే, కోట్లు పోసిన తరువాత కూడా రద్దీ ఒక కూడలి నుండి మరొక కూడలికి మారుతుందే తప్ప తగ్గదు.

రాజ్యాంగం వేసిన పీట

ఇటువంటి చోట ఏమి చేయాలో రాజ్యాంగం చెప్పకపోలేదు. 1993లో అమలులోకి వచ్చిన 74వ సవరణ, పది లక్షలు దాటిన జనాభాతో ఒకటికంటె ఎక్కువ జిల్లాలలో సైతం విస్తరించిన ప్రాంతానికి మహానగర ప్రణాళికా సంఘం వుండాలన్నది. అందులో మూడింట రెండు వంతులకు తగ్గకుండా సభ్యులను పురపాలికల సభ్యులూ, పంచాయతీల అధ్యక్షులూ తమలో నుండే ఎన్నుకోవాలి. రోడ్లు, నీరు, భూమి వినియోగం వంటి ఉమ్మడి విషయాలపై ఆ సంఘం ముసాయిదా ప్రణాళిక తయారుచేయాలి. జంషెడ్‌పూర్-ఆదిత్యపూర్‌లను చూసి వ్రాశారేమో అనిపించేటంత సరిగా కుదిరిన నిబంధన ఇది.

కాని అదే సవరణలోని 243-జెడ్.సి. అధికరణం ఈ అధ్యాయం షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తించదన్నది. వర్తింపజేయాలంటే పార్లమెంటు తగిన మార్పులతో వేరే చట్టం చేయాలి. ఈ రెండు జిల్లాలూ షెడ్యూల్డు ప్రాంతాలే. పంచాయతీల విషయంలో పార్లమెంటు 1996లో ఆ చట్టం చేసింది. పురపాలికల విషయంలో 2001లో రాజ్యసభలో బిల్లు ప్రవేశపెట్టారు; అది చట్టం కాలేదు. ఎన్ని ప్రభుత్వాలు మారినా, ఎన్ని సమావేశాలు ముగిసినా, దానికి మోక్షం కలగలేదు. పల్లెలోని ఆదివాసికి చట్టం చేసిన పార్లమెంటు, పట్టణమైపోయిన పల్లెలోని ఆదివాసిని మరచిపోయింది.

ఇది ఎక్కడో జార్ఖండ్ గొడవ అని మన పాఠకులు పేజీ తిప్పనవసరం లేదు. మన పాల్వంచ, మణుగూరు, మందమర్రి పురపాలికలకు ఏళ్ల తరబడి ఎన్నికలు జరగకపోవడానికి మూలం ఈ చిక్కుముడే. 2020 జనవరిలో తెలంగాణ అంతటా పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు కూడా అక్కడి వోటరుకు చీటీ అందలేదు. మరొకవంక అదే షెడ్యూల్డు ప్రాంతమైన ఆదిత్యపూర్‌లో 2018లో రాష్ట్ర చట్టం కింద ఎన్నికలు జరిగాయి. 2023లో ఆ పాలకవర్గం గడువు తీరిన పిమ్మట రెండేళ్లకు పైగా ఎన్నికలు లేవు. మూడు వారాలలో ఎన్నికల తేదీ ప్రకటించమని 2024 జనవరిలో హైకోర్టు ఆదేశించినా ఆలస్యం తప్పలేదు. ఇక జంషెడ్‌పూర్‌ను 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పారిశ్రామిక పట్టణంగా ప్రకటించింది. ఎన్నికైన పురపాలిక అవసరం లేదని రాజ్యాంగంలోని ఆ అధ్యాయమే ఇచ్చిన మినహాయింపు అది. అధ్యాయం వర్తించదట, అందులోని మినహాయింపు భావం మాత్రం పనికివచ్చిందట! ఈ తర్కం సామాన్యునికి అంతుపట్టదు.

అభ్యంతరాలు

ఉమ్మడి సంఘం అనగానే మూడు అభ్యంతరాలు వినవస్తాయి. మొదటిది, టాటాల వీధులు బాగున్నాయి, వాటిని రాజకీయుల చేతిలో పెట్టి పాడుచేయవద్దు అనేది. ఈ భయం నిరాధారం కాదు. నది దాటి ఆదిత్యపూర్ వీధులు చూసినవారికి ఆ భయం సహజమే. అయితే ప్రణాళికా సంఘం ఎవరి నీటి గొట్టాలనూ, చీపుళ్లనూ లాక్కోదు. పని ఎవరిది వారిదే. కలిసే చోటును నిర్ణయించేది మాత్రం అందరూను.

రెండవది, “ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది” అన్న లోకానుభవం. అందరి సంఘం ఎవరిదీ కాకుండా పోతుందంటారు. కలకత్తాలో 1994 నాటి రాష్ట్ర చట్టం కింద 2001లో మహానగర ప్రణాళికా సంఘం ఏర్పడినా, అది ఆశించినంత బలపడలేదన్నది నిజం. మన రాష్ట్రంలో 1978లో కృష్ణానదికి ఇరువైపులా రెండు జిల్లాల పట్టణాలను కలిపి విజయవాడ-గుంటూరు-తెనాలి-మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థను స్థాపించారు. నది అడ్డం కాదని అది నిరూపించింది. కాని అధికారుల సంస్థగానే వుండిపోయింది. చేతిలో డబ్బు, వెనుక వోటు లేని సంఘం గొర్రెపాటి కూడా చేయదు.

ఇక్కడ అమెరికా అనుభవం తలచుకోదగినది. 1962 నాటి వారి రహదారి చట్టం, యాభైవేల జనాభా మించిన నగర ప్రాంతాలలో రాష్ట్రమూ, స్థానిక సంస్థలూ కలిసి నిరంతరంగా సాగించే సమగ్ర ప్రణాళిక వుంటేనే కేంద్ర నిధులు ఇస్తామన్నది. సహకారాన్ని ఉపదేశించలేదు; డబ్బుకు షరతుగా కట్టింది. మన దేశంలోనూ 2005లో ప్రారంభమైన నెహ్రూ నగర నవీకరణ పథకం ఇటువంటి షరతు పెట్టింది. జంషెడ్‌పూర్ ఆ పథకంలోని నగరమే. షరతు కాగితం మీద మిగిలిపోయింది.

మూడవ అభ్యంతరం అన్నిటికంటె బరువైనది. అది ఆదివాసుల నోటి నుండి వచ్చేది. రోడ్డు వెడల్పు చేయడమంటే ఎవరిదో భూమి పోవడం. పట్టణ ఎల్ల పెరగడమంటే గ్రామసభ అధికారం తరగడం. వారి ఈ భయానికి సమాధానం చెప్పని ప్రణాళిక న్యాయమైనది కాదు. నా దృష్టిలో అందుకే ఆ చట్టం మరింత అవసరం. నేడు వారి భూమి గుండా పోయే రోడ్డు గీత ఢిల్లీలో, రాంచీలో పడుతున్నది. ఉమ్మడి సంఘంలో చుట్టుపట్ల పంచాయతీ అధ్యక్షులకు చట్టప్రకారం స్థానం వుంటే, గీత పడకముందే వారి మాట దస్త్రంలోనికి ఎక్కుతుంది.

కనుక చేయవలసిన పనులు రెండు. షెడ్యూల్డు ప్రాంతాల పట్టణాల చట్టాన్ని గ్రామసభల రక్షణతో సహా పార్లమెంటు ఆమోదించాలి. ఆ ప్రస్తావన తేవడానికి జంషెడ్‌పూర్, సింగ్‌భూమ్, రాంచీ సభ్యులతోపాటు మన ఏజెన్సీ ప్రాంతాల సభ్యులు కూడా గొంతు కలపాలి. అది జరిగేలోగా, పది లక్షలు దాటిన నగర సముదాయంలో జాతీయ రహదారికి నిధులు మంజూరు చేసేముందు, అక్కడి స్థానిక సంస్థలన్నీ కలిసి సంతకం చేసిన రహదారుల ప్రణాళికను కేంద్ర రహదారుల శాఖ అడగాలి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు. 15వ ఆర్థిక సంఘం గాలి, నీరు, పారిశుధ్యం గ్రాంట్లకు నగర సముదాయాన్ని ఒకే ప్రమాణంగా తీసుకున్నప్పుడు, రోడ్లకు అలా తీసుకోకూడదనడానికి కారణం కనిపించదు.

రహదారిని వెడల్పు చేయడానికి డబ్బు పుడుతున్నది, యంత్రాలు వున్నాయి. రెండు గట్ల వారిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి కావలసినది ఢిల్లీలో ఒక చట్టం, ఒక షరతు. ఆ రెండింటికీ అయ్యే ఖర్చు కాగితం ఖరీదు మాత్రమే.