మోటారు సైకిలు సీటు - నడుము నొప్పి

ప్రశ్న: నా వయస్సు 36 సంవత్సరాలు. ఎత్తు ఆరడుగులు. మందుల కంపెనీ ప్రతినిధిగా రోజూ నూరు కిలోమీటర్లకు పైగా మోటారు సైకిలు మీద తిరుగుతాను. బండి స్ప్లెండర్. గంటసేపు నడిపేసరికి నడుము పట్టేస్తుంది. మోకాళ్ళు లాగుతాయి. కూర్చున్నచోట, తొడల మధ్య తిమ్మిరెక్కి స్పర్శ తెలియదు. దిగి నాలుగడుగులు వేస్తే తగ్గిపోతుంది. దీనివల్ల మగతనం దెబ్బతింటుందని స్నేహితులు భయపెడుతున్నారు. రోజూ ఒక నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. ఉద్యోగం మానుకోవాలా?
- పేరు వద్దన్న పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఉద్యోగం మానుకోనక్కరలేదు. ముందు మానవలసింది ఆ మాత్ర. నొప్పి మాత్రలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మందుల సంగతి తెలిసిన మీకు ఇది వేరే చెప్పాలా?

ఇక మీ భయం గురించి. తొడల మధ్య భాగానికి స్పర్శనిచ్చే నరం సీటుకూ ఎముకకూ మధ్య నలిగినప్పుడు తిమ్మిరి పుడుతుంది. బండి దిగగానే తగ్గిపోతున్నదంటే నరం ఒత్తిడికి గురవుతున్నదే కాని చెడిపోలేదని అర్థం. అంతమాత్రాన మగతనం పోదు. అయితే ఏళ్ళ తరబడి అశ్రద్ధ చేయడం మంచిది కాదు. దిగిన తర్వాత కూడా తిమ్మిరి గంటల కొద్దీ ఉంటే డాక్టరుకు చూపించుకోండి.

మనం కూర్చున్నప్పుడు శరీరం బరువు పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద పడాలి. మెత్తటి సీటు షోరూములో పది నిమిషాలు హాయిగా ఉంటుంది. గంటయ్యేసరికి ఫోము అణిగిపోయి, ఎముకలు లోపలికి దిగి, బరువంతా మధ్య భాగం మీద పడుతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. కింది రేకు తగిలిందా, ఆ ఫోము పనికిరాదు. సీటు కాస్త గట్టిగా, వెడల్పుగా, ముందుకు జారకుండా సమంగా ఉండాలి. ముందుకు వాలి ఉంటే మనిషి జారి ట్యాంకుకు ఒత్తుకుంటాడు.

మీ రెండో ఇబ్బంది కాళ్ళకు చోటు చాలకపోవడం. బండి కొనేటప్పుడు అందరూ సీటు ఎత్తు అడుగుతారు. స్ప్లెండర్‌కు అది 785 మిల్లీమీటర్లు. ఆ లెక్క కాలు నేలకు అందుతుందా లేదా అన్నంతవరకే చెబుతుంది. మోకాలి సుఖం సీటుకూ ఫుట్‌రెస్టుకూ ఉన్న దూరాన్ని బట్టి ఉంటుంది. బండిని సెంటర్ స్టాండు వేసి, కాళ్ళు ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చోండి. ఇంకొకరిని పక్కనుంచి చూడమనండి. మోకాళ్ళు తుంటి కంటె పైకి లేచి ఉంటే చోటు చాలలేదన్నమాట. అప్పుడు తుంటి వెనక్కు తిరిగి, నడుము విల్లులా వంగి, వెన్నుపూసల మధ్యనున్న డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది.

సీటు కుట్టేవారి దగ్గర ఒక అంగుళం గట్టి ఫోము వేయించండి. మీ ఎత్తుకు కాళ్ళు ఇంకా నేలకు బాగానే అందుతాయి. ఫుట్‌రెస్టులు కిందికి దించాలని మాత్రం చూడకండి. మలుపులో నేలకు తగిలి బండి పడిపోవచ్చు. పొట్టివారు ఫోము పలచన చేయించడం కంటె, సీటు ముందు భాగం సన్నగా చేయించుకోవడం మేలు.

మరికొన్ని జాగ్రత్తలు:

వెనక జేబులో పర్సు పెట్టుకుని బండి నడపకండి. తుంటి పక్కకు ఒరిగి, కాలిలోకి దిగే నరం నలుగుతుంది.

టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే కొట్టించండి. ఎక్కువైతే ప్రతి గుంట దెబ్బా వెన్నుకే.

ముప్పావు గంటకొకసారి దిగి, అయిదు నిమిషాలు నడవండి. నడుమును వెనక్కు విరవండి.

ఎండలో నిలిపిన రెక్సిను సీటు మీద నూలు తువ్వాలు వేసుకుంటే చెమటకాయలు, సెగ్గడ్డలు రావు. తువ్వాలు జారకుండా కట్టుకోండి.

వెనక కూర్చునే ఇల్లాలి సంగతీ చూడండి. సీటు పెంచితే మొత్తం పెంచాలి. వెనక కూర్చునేవారికి చేతిపట్టు, ఫుట్‌రెస్టు, చక్రంలో చీర చిక్కకుండా అడ్డు ఉండాలని 1989 మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. ఒకపక్కగా కూర్చుంటే నడుము మెలి తిరుగుతుంది, పడిపోయే ప్రమాదమూ ఎక్కువ. వీలైతే రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోమనండి.

చివరగా ఒక హెచ్చరిక. నడుము నొప్పితో బాటు మల మూత్రాలు పట్టు తప్పినా, మూత్రం రాకపోయినా, కాళ్ళలో బలం తగ్గినా, కూర్చునే భాగం తిమ్మిరి వదలకపోయినా అది సీటు జబ్బు కాదు. వెన్నులోని నరాలు నలుగుతున్నాయని అనుమానించి, తెల్లవారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఆలస్యమైతే ఆ నష్టం తిరిగి పూడకపోవచ్చు.

మీకు ఆ లక్షణాలేవీ లేవు. సీటు మార్పించి నెల రోజులు చూడండి. అప్పటికీ నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరును కలవండి.