కాపురం నిలిస్తేనే నివాసమా?

43 ఏళ్ల వయసులో, వియత్నాం దేశస్థుడైన నా సహచరుడితో పెళ్లి నమోదుకి వెళ్తే గుమాస్తా మొదట అడిగింది, "మీ నాన్నగారికి తెలుసా అమ్మా?" అని. ఆయన్ని ఆ ప్రశ్న అడగలేదు.

1954 ప్రత్యేక వివాహ చట్టంలో తండ్రి అనుమతి ఊసే లేదు. ఉన్నది 30 రోజుల నోటీసు. పేర్లు, చిరునామాలు గోడకెక్కుతాయి. నాకది చికాకు, ఇల్లు విడిచి వచ్చిన 20 ఏళ్ల అమ్మాయికి ప్రాణభయం. ఆయన అవివాహితుడని అక్కడి ప్రజాకమిటీ ఇచ్చిన పత్రానికి గడువు 6 నెలలే. అనువాదాలు, ధ్రువీకరణలు, నోటీసు అన్నీ ఆలోపే కావాలి.

పెళ్లయ్యాక ఎక్స్-2 వీసా. నమోదైన పెళ్లి రెండేళ్లు నిలిస్తేనే ఓసీఐ కార్డుకి అర్జీ. విడాకులైతే, పౌరసత్వ చట్టం 7డి సెక్షను కింద ఆ కార్డును రద్దు చేయవచ్చు. అంటే ఆయన నివాసం నా చేతిలో ఉంది. ఆ పెత్తనం నాకొద్దు.

విదేశీ భార్యలున్న ఇళ్లలో ఆ పెత్తనం భర్తది. కొడితే 2005 గృహహింస చట్టం ఆమెకూ వర్తిస్తుంది. కానీ విడిపోతే దేశం వదలాల్సి వస్తుందని భయపడే మనిషి ఫిర్యాదు ఎలా చేస్తుంది? అమెరికాలో హెచ్-4 వీసా మీదున్న మన ఆడపిల్లల భయమూ ఇదే. అక్కడ అన్యాయమని మనం అంటున్నది ఇక్కడ న్యాయమెలా అవుతుంది?

హింస వల్ల విడిపోయిన స్త్రీకి తన పేరు మీదే నివాస హక్కు ఉండాలి. ఈ డిమాండు మన ఎజెండాలో చేరాలి.