బాలింత గదిలో కుంపటి వద్దు

పోయిన నెల ఇదే చోట మన పెద్దనాయన రాసిన పురిటిగది ముచ్చట్లు అందరూ చదివే ఉంటారు. నులక మంచం, దాని కింద నిప్పుల కుంపటి, నిప్పుల మీద సాంబ్రాణి, చెవుల్లో దూది పెట్టుకొని తలకు గుడ్డ చుట్టుకున్న బాలింత. చదువుతుంటే మాకూ కళ్ళముందు కనిపించింది. చాలా బాగా రాశారు. కానీ చివర్లో, ఈ కాలం పిల్లలు కూడా ఈ పద్ధతి వదలకూడదని అన్నారు గదా, తగాదా అంతా అక్కడే. ఇంట్లో అనుకొని వదిలేసేవాళ్ళమే. అయితే ఆ రాత వచ్చాక గ్రూపులో నాలుగిళ్ళవాళ్ళు కుంపటి చెన్నైలో ఎక్కడ దొరుకుతుందని అడిగారు. మా అత్తమ్మ అయితే నెల్లూరు నుంచి బస్సులో తానే తెస్తానంది. పుష్యమాసంలో పురుడు మా ఇంట్లోనే. ఆ మంచం మీద పడుకోబోయేది మాలో ఒకరు, ఆ గాలి పీల్చబోయేది ఇంకా పేరు పెట్టని ఇంకొకరు. అందుకని ఊరుకోలేక రాస్తున్నాం.

ముందే ఒక మాట. మేము చదివింది బళ్ళారిలో, కన్నడ మీడియంలో. తెలుగు ఇంట్లో వచ్చిందే గానీ బళ్ళో నేర్చింది కాదు. ఎక్కడైనా వాక్యం కన్నడంగా పడితే సర్దుకోండి. అక్కడ కుంపటిని అగ్గిష్టికె అంటారు, ఇక్కడ మద్రాసులో కుముట్టి అడుప్పు అంటారు. కుముట్టి, కుంపటి చుట్టాలేనని వినగానే తెలుస్తుంది. ఇన్ని భాషల ఇళ్ళల్లో ఉన్న వస్తువును తెలివిలేనివాళ్ళు కనిపెట్టారని మేము అనబోము. దానికి అప్పట్లో పని ఉండింది. పెంకుటింట్లో, మట్టి నేల చెమ్మలో, నెల తక్కువ బిడ్డ చల్లబడితే పోయేవాడు. వానాకాలంలో పొత్తిగుడ్డలు ఆరేవి కావు. వెచ్చదనం అంటే అప్పుడు ప్రాణమే.

అయితే ఆ ఇల్లు ఎలా ఉండేదో పెద్దనాయన రాయలేదు. పెంకుల సందుల్లోంచి వెలుతురు పడేది. గోడకూ కప్పుకూ మధ్య జానెడు ఖాళీ. తలుపు మూసినా కింద పిల్లి దూరే సందు. ఆ ఇల్లే ఒక పొగగొట్టం. ఇప్పుడు మా ఫ్లాటులో పడకగది పది అడుగులకు పది, పైన కాంక్రీటు, జరిపే అద్దాల కిటికీ, దోమలు రాకుండా బిగించిన మెష్, ఎసి కోసం సందులన్నిటికీ రబ్బరు పట్టీలు. కుంపటి అదే, గది అది కాదు. మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు. పాత ప్రోగ్రామును కొత్త సర్వరు మీద పెట్టి, అప్పుడు బాగానే ఉండింది కదా అని పరీక్ష లేకుండా వదిలితే మమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేస్తారు.

కట్టెల పొగకు ఒక మంచి గుణం ఉంది, అది మనిషిని తరుముతుంది. కళ్ళు మండుతాయి, దగ్గు వస్తుంది, లేచి బయటికి పోతాం. బొగ్గులు కణకణలాడుతున్నప్పుడు పొగ ఉండదు. అందుకే పెద్దవాళ్ళు అది శుభ్రమైన నిప్పు అనుకున్నారు. కానీ ఆ ఎర్రటి బొగ్గుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది, త్వరగా వదలదు. పసిబిడ్డ నిమిషానికి 40 సార్లదాకా ఊపిరి తీస్తుంది, మనకంటే రెట్టింపు పైనే. అదే గదిలో బిడ్డ వాటా పెద్దది.

ఇంకా భయంకరమైనది వేరే ఉంది. ఈ విషం లక్షణాలు ఏమిటి? తలనొప్పి, వికారం, నీరసం, మత్తు. బాలింత లక్షణాలు ఏమిటి? అవే. ఎవరికి అనుమానం వస్తుంది?

పోయిన ఏడాది మన చెల్లెళ్ళలో ఒకామెకు ఇదే జరిగింది. పేరు వద్దు, తెలిసినవాళ్ళకు తెలుసు. పదకొండో రోజు స్నానం తరువాత తలుపూ కిటికీ మూసి, మంచం కింద కుంపటి పెట్టి, జడివాన అని ఎవరూ తియ్యలేదు. సాయంత్రానికి తల పగిలిపోతోందంది, రెండుసార్లు వాంతి అయ్యింది. ఇంట్లోవాళ్ళు దిష్టి అన్నారు. ఎర్రనీళ్ళు తిప్పి బయట పారబోయడానికి తలుపు తెరిచారు. తలుపు అలాగే తెరిచి ఉండిపోయింది. గంటకు ఆమె లేచి కూర్చుంది. దిష్టి తీస్తే పోయిందని ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. మాకు మాత్రం ఆ తెరిచిన తలుపు గుర్తుంది. తరువాత చూపించిన పిల్లల డాక్టరు గదిలో నిప్పు అన్న మాట వినగానే రాయడం ఆపి తల ఎత్తారట. కొడైకెనాల్, ఊటీలలో చలికి గదిలోకి బొగ్గుల పొయ్యి తెచ్చుకొని పడుకున్న పర్యాటకులు తెల్లారి లేవలేదన్న వార్తలు మనమే పేపర్లో చదివి అయ్యో అనుకుంటాం. వాళ్ళదీ మనదీ ఒకే బొగ్గు.

మా కాలంలో ఎవరికేమయ్యింది అంటారు. దీనికి జవాబు ఈ బ్లాగులోనే ఉంది. మన వంశవృక్షం పేజీ తెరవండి. ముత్తాత తరంలో పేరు లేకుండా శిశువు అని మాత్రం రాసిన గడులు లెక్కపెట్టండి. మేము ఐదు లెక్కపెట్టాం. వాళ్ళందరూ కుంపటి వల్లనే పోయారని అనడం అబద్ధం అవుతుంది, మేము అనం. కానీ ఎందుకు పోయారో ఎవరూ రాసిపెట్టలేదు. 1971లో కూడా మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మందిలో 129 మంది ఏడాది నిండకుండా పోయేవారు. 2020కి అది 28కి దిగింది. ఏమీ కాలేదని చెప్పడానికి ఈరోజు మిగిలినవాళ్ళు, మిగిలినవాళ్ళే గదా.

కిటికీ కొంచెం తెరిస్తే చాలదా అని అత్తమ్మ అడిగింది. తెరిస్తే వేడి పోతుంది, మూస్తే గాలి పోతుంది. ఇంక కుంపటి ఎందుకు? మా కర్ణాటక సంగతి ఒకటి చెప్తాం. బెంగళూరు ఐఐఎస్‌సిలో అమూల్య రెడ్డి గారు 1974లో అస్త్ర అని పల్లెల కోసం ఒక విభాగం మొదలుపెట్టారు. అక్కడి నుంచి అస్త్ర ఒలె వచ్చింది, కట్టెల పొయ్యే, కానీ తక్కువ కట్టె, పైన పొగగొట్టం. కట్టెల పొయ్యిని నిజంగా ప్రేమించినవాళ్ళు దానికి పొగగొట్టం పెట్టారు. వంటింటి పొగే ఊరుకోదు, 2020లో ప్రపంచమంతటా ఇళ్ళలోని పొగకు 32 లక్షల మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మరి మంచం కింద కుంపటికి పొగగొట్టం ఎక్కడ పెడతారు?

అసలు చెన్నైలో చలి ఎక్కడుంది? జనవరి రాత్రి సగటున 20, 21 డిగ్రీలు. లంబసింగిలో ఉన్నామా? ఇక్కడ మనకు నిప్పు కావాల్సింది చలికి కాదు, గుర్తుకు. అది మాకు అర్థమవుతుంది. తమిళనాట నాలుగు తరాలుగా ఉన్నవాళ్ళకు ఏదో ఒకటి పట్టుకోవాలని ఉంటుంది. కానీ భోగి చూడండి. ఆ మంటా మనదేనని టైర్లు, ప్లాస్టిక్ వేసి కాలుస్తున్నారు. 2018 భోగి పొద్దున ఆ పొగమంచుకు చెన్నై విమానాశ్రయంలో విమానాలు దిగలేక వేరే ఊళ్ళకు పోయాయి. మన గుర్తు ఊరందరి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏం లాభం?

వెచ్చదనం కావాలంటే ఉంది, బొగ్గు అక్కరలేదు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఎద్గార్ రేయ్ అనే డాక్టరు, ఇంక్యుబేటర్లు చాలక, నెలలు నిండని బిడ్డలను తల్లి రొమ్ముకు ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టించారు. కంగారూ సంరక్షణ అంటారు. బరువు తక్కువ బిడ్డలకు పుట్టిన వెంటనే ఇదే మొదలుపెట్టమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తండ్రి కూడా పట్టుకోవచ్చు. మన పురిటిగదిలో తండ్రికి చోటే ఉండేది కాదు, ఆ ఒక్క సంగతి పెద్దనాయన మెచ్చుకోకపోయినా మాకు నచ్చింది.

ఇంక మిగతావన్నీ ఉంచుకుంటున్నాం. నువ్వులనూనె మర్దన, వావిలాకు కాచిన నీళ్ళు, వెల్లుల్లి కారం, నలభై రోజులు బాలింత చేత పని చేయించకపోవడం. ఈ చివరిది మాత్రం ఎవరూ ఫోటో పెట్టరు, పట్టుబట్టరు, ఎందుకో. సాంబ్రాణి కూడా వేసుకుందాం, హాల్లో, బాల్కనీ తలుపు తెరిచి, బిడ్డ లోపల ఉండగా.

అత్తమ్మా, కుంపటి తప్పకుండా తీసుకురండి. బాల్కనీలో పెడతాం. దాని మీద వంకాయ కాల్చి పచ్చడి చేద్దాం, మీ చేతి పచ్చడి తిని రెండేళ్ళయ్యింది. వావిలాకు ఇక్కడ దొరకడం కష్టం, అది మాత్రం ఎక్కువ తెండి.