రెక్క కోయకున్నంత మాత్రమున చాలునా?

ధర్మమును మాటలతో పాటించుట సులభము. నష్టమునకోర్చి పాటించుట కష్టము. సముద్రపు చేపలను కొని, డబ్బాలలో నింపి, దేశదేశములకమ్ము కంపెనీల విషయమున ఈ భేదము స్పష్టముగా కానవచ్చుచున్నది.

సొర రెక్కలకు విందులలో గల గిరాకివలన ఒక క్రూరాచారమేర్పడినది. పట్టిన సొర రెక్కలను కోసికొని, కొనయూపిరితోనున్న దేహమును కడలిలో పారవేయుదురు. దీనిని పెక్కు దేశములు నిషేధించినవి. రెక్కలు దేహమునంటియే తీరము చేరవలెనని భారతదేశము 2013లో నియమించినది; 2015లో రెక్కల ఎగుమతినే ఆపివేసినది. రెక్కలు కోయువారి సరకు కొనబోమని పెక్కు ట్యూనా కంపెనీలును మాట యిచ్చినవి. ఇవి యన్నియు మెచ్చదగినవే.

అయినను ఫలితమేమి? 2024లో ‘సైన్స్’ పత్రిక ప్రకటించిన పరిశోధన ప్రకారము, 2012లో వేటవలన చచ్చిన సొరలు కనీసము 7 కోట్ల 60 లక్షలు. 2019 నాటికి ఆ సంఖ్య 8 కోట్లకు పెరిగినది. రెక్కల చట్టములు పెరిగిన కాలముననే చావులును పెరిగినవి. రెక్కలతో ఒడ్డు చేరిన సొరయు చచ్చిన సొరయే కదా!

సొర చెరువు చేపవలె లక్షల గ్రుడ్లు పెట్టదు. తెల్లసొర ఈడేరుటకు రెండు దశాబ్దములకు పైగా పట్టును. కొన్ని జాతులు రెండేండ్లకు దగ్గరగా గర్భము మోయును. అందుచే పోయిన సంతతి తిరిగి వృద్ధి పొందుట మిక్కిలి ఆలస్యము.

కావున సొర వలలోను, గాలమునను పడకుండ చూచుటయే అసలు కర్తవ్యము. ట్యూనాకై మైళ్ళ పొడవున వేయు త్రాళ్ళకు వేల గాలములు వ్రేలాడును. గాలమునకు నైలాను త్రాడున్నచో సొర దానిని కొరికి తప్పించుకొనగలదు. ఉక్కు తీగయున్నచో అది సాధ్యము కాదు. పశ్చిమ, మధ్య పసిఫిక్ మత్స్యసంఘము ఉష్ణమండల జలములలో ఇట్టి తీగను నిషేధింప 2022లో నిశ్చయించినది.

ఇట్టి మార్పుల వ్యయమును, తగ్గిన రాబడిని జాలరిపై మోపుట న్యాయము కాదు. చేప ఏ సాధనముతో పట్టబడినదో, దానితోపాటు ఎన్ని సొరలు చచ్చినవో కంపెనీ అడుగవలెను. నావపై పరిశీలకుని నియమింపజేయవలెను. అందుకు తగిన ధరయు చెల్లింపవలెను. లెక్క చెప్పలేని కంపెనీ తన డబ్బాపై ఎంత మంచి మాట అచ్చు వేయించినను, అది ప్రకటనయే కాని బాధ్యత కానేరదు. ఆ లెక్కను అడుగుట రేపటి పౌరులైన విద్యార్థులు నేడే నేర్వదగిన విద్య.